ప్రయాణపు గడియారం

సాకేత్‌లో గాని, మరెక్కడ గాని పురాతన ఫ్రెంచి ‘క్యారేజ్ క్లాక్’ అమ్మకానికి వచ్చినదని వింటే, ధర అడుగుటకు ముందు దాని యంత్రమును పరిశీలించుట మంచిది.

లోలకముతో నడిచే గడియారము బండి కుదుపులకు నిలిచిపోతుంది. అందువలన స్ప్రింగు, బ్యాలెన్స్ చక్రములతో నడిచే ప్రయాణపు గడియారములు వెలసినవి. 1798లో ఈజిప్టు దండయాత్రకు ముందు నెపోలియన్ అట్టి దానిని పారిస్‌లోని బ్రెగే వద్ద కొన్నాడు. ఇత్తడి చట్రము, చుట్టూ అద్దములు, పైన పిడి దీని లక్షణములు.

పై అద్దము గుండా ఊగుతూ కనిపించే చక్రమే దీనికి గుండె. మరమ్మతులో ఆ భాగమును మార్చి ఉంటే, కాలము సరిగానే చూపవచ్చును గాని, పురాతన వస్తువుగా విలువ తగ్గుతుంది. తళతళలాడే ఇత్తడికి కాక, లోపలి పనితనమునకే మూల్యము చెల్లించాలి.

కొనే తాహతు లేనివారు చింతించనక్కరలేదు. హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియములో ఫ్రెంచి గడియారములను కన్నులారా చూడవచ్చును.