పెరటి చెట్టు – అమెరికా కళాశాలల ఫుట్‌బాలు

పెరటి చెట్టు మందుకు పనికిరాదని మనలో ఒక సామెత కలదు. అమెరికా విశ్వవిద్యాలయముల ఫుట్‌బాలు జట్లకు శిక్షణ నిచ్చువారు ఈ సామెతను విని యెరుగరు. అయినను దీనిని ఆచరించి చెడినవారును, కాదని బాగుపడినవారును వారిలో కలరు. స్వరాష్ట్రపు ఉన్నత పాఠశాలలలోని పిల్లలను ముందుగా చేరదీయుట మేలా, లేక దూరప్రాంతముల వీరులకై పరుగులిడుట మేలా అను వివాదము అక్కడ చిరకాలముగా నలుగుచున్నది. 2025లో ఒక న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడికతో అది క్రొత్త రూపము దాల్చినది.

ఇచ్చట ఫుట్‌బాలనగా మన పిల్లలు కాలితో తన్ను బంతియాట కాదు. కోలగా నుండు బంతిని చేతబట్టి, పక్షమునకు పదునొకండుగురు చొప్పున నిలిచి, ఎదుటివారి వరుసను ఛేదించుకొని పోవు ఆట. కళాశాల జట్ల పోటీలను చూచుటకే ఎనుబది తొంబది వేలమంది కూడుట అక్కడ వింత కాదు. నెబ్రాస్కా రాష్ట్ర విశ్వవిద్యాలయము గల లింకన్ నగరమున 1962 నవంబరు నుండి ప్రతి పోటీకిని టిక్కెట్లన్నియు అమ్ముడగుచున్నట్లు లెక్కలు చెప్పుచున్నవి.

ఈ నెబ్రాస్కా సంగతియే విచారింపదగినది. 2020 జనగణన ననుసరించి ఆ రాష్ట్రమున నున్నవారు 19 లక్షల 61 వేలమంది; టెక్సాసున 2 కోట్ల 91 లక్షలమంది. మొక్కజొన్నచేలును పశువుల మందలును నిండిన ఆ చిన్న రాష్ట్రము, పిల్లల సంఖ్యలో టెక్సాసుతో ఎన్నడును తులతూగజాలదు. అట్టిచోట 1973 నుండి 1997 వరకు శిక్షకుడుగా నుండిన టామ్ ఆస్బర్న్ మూడుమారులు జాతీయ విజేతృత్వమును సాధించెను. ఆయన ఆ రాష్ట్రపు హేస్టింగ్స్ పట్టణమువాడే.

ఆయన పదవి స్వీకరించిన సంవత్సరముననే కళాశాలల జాతీయ క్రీడాసంఘము ఒక్కొక్క జట్టు ఇయ్యదగు ఉపకారవేతనములను 105కు పరిమితము చేసినది. అటుపిమ్మట అవి 95కును, తుదకు 85కును తగ్గినవి. పరిమితి వేతనములకే గాని ఆటగాండ్ర సంఖ్యకు కాదు. ఆస్బర్న్ ఈ సందును కనిపెట్టెను. వేతనము లేకున్నను తమ ఖర్చులు తామే భరించి జట్టులో చేరు పిల్లలను ఆయన వందలకొలది ఆహ్వానించెను. వీరిని అక్కడ ‘వాక్-ఆన్’లందురు, పిలుపు లేకయే నడచివచ్చినవారని భావము.

రాష్ట్ర విశ్వవిద్యాలయమున స్వరాష్ట్ర విద్యార్థికి జీతము తక్కువ. బయటి రాష్ట్రమువాడు దానికి రెండు మూడు రెట్లు చెల్లింపవలెను. కాబట్టి సొంత ఖర్చుతో జట్టున చేరగలవాడు సాధారణముగా ఆ రాష్ట్రపు బిడ్డయే యగును. పదునెనిమిదవ యేట బక్కపలుచగా నున్న రైతుబిడ్డ మూడు నాలుగు సంవత్సరములు వ్యాయామము చేసి, తిండి తిని, కండబట్టి, చివరి యేట ఆటస్థలమున అడుగిడును. వానిని పంపిన పల్లెటూరి పాఠశాల శిక్షకుడు మరుచటి యేడు మరొకని పంపును. ఆ ఊరివారు బండ్లు కట్టుకొని లింకనుకు బయలుదేరుదురు. బయటినుండి ఎంతటి వీరుని తెచ్చినను ఈ బంధుత్వము రాదు.

ఇట్లని నెబ్రాస్కావారు గడప దాటలేదని కాదు. 1983 నాటి జట్టును చూడుడు. బంతిని మోసిన మైక్ రోజియర్ న్యూజెర్సీవాడు; జట్టును నడపిన టర్నర్ గిల్ టెక్సాసువాడు. వారికి ముందు నిలిచి దారి తీసినవారిలో మేటి డీన్ స్టైన్‌కూలర్ మాత్రము నెబ్రాస్కాలోని బర్ర్ అను పల్లెవాడు. నేడు ఆ పల్లె జనసంఖ్య నూరుకు లోపు. ఆతడు చదివిన పాఠశాలలో పదునొకండుగురు దొరకక ఎనిమిదిమందితోనే ఈ ఆట ఆడెడివారు.

1984 జనవరి 2న ఆ జట్టు మయామి నగరమున మయామి విశ్వవిద్యాలయముతో తలపడినది. స్టైన్‌కూలర్ వంటి అడ్డుగోడకు బంతి తాకు అవకాశమే అరుదు. ఆనాడు గిల్ బంతిని బుద్ధిపూర్వకముగా నేలపై విడువగా, ఆతడు దానిని తీసికొని పందొమ్మిది గజములు పరుగెత్తి గీత దాటించెను. తుదకు 48 సెకండ్లు మిగిలియుండగా నెబ్రాస్కాకు 30, మయామికి 31. ఒక్క పాయింటు తెచ్చుకొని సమము చేసికొన్నచో విజేతృత్వము దాదాపు చేతికి వచ్చెడిది. ఆస్బర్న్ సమమును కోరక రెండు పాయింట్లకై యత్నించెను. గిల్ విసిరిన బంతిని కెన్నీ కాల్హూన్ చేతితో తప్పించెను. మయామి గెలిచినది.

ఓడించినవారిదియు పెరటి చెట్టు వైద్యమే యగుట ఈ కథలోని చమత్కారము. మయామిది ప్రైవేటు విశ్వవిద్యాలయము. అక్కడి పాలకులు ఒకప్పుడు ఈ ఆటనే కట్టిపెట్టుదమా అని యోచించిరి. 1979లో వచ్చిన శిక్షకుడు హోవార్డ్ ష్నెలెన్‌బర్గర్ ఫ్లోరిడా పటముపై టాంపా నుండి డేటోనా బీచి వరకు అడ్డముగా గీత గీసినట్లు భావించి, దానికి దిగువనున్నదంతయు ‘మయామి రాష్ట్ర’మని పేరు పెట్టెను. అంతవరకు శిక్షకులు అంతగా తొంగిచూడని లిబర్టీ సిటీ వంటి నల్లజాతివారి పేటలలో ఇండ్లకు పోయి తల్లులతో మాటలాడెను. ఐదవ యేట ఆ జట్టు జాతీయ విజేత. అయితే ఆనాటి బంతి విసరువాడు బెర్నీ కోసార్ ఒహైయోవాడు. నెబ్రాస్కా వలెనే ఇచ్చటను గోడ కట్టుటకు ఊరి రాయియే వాడి, శిఖరమునకు మాత్రము బయటి రాయి తెచ్చిరి.

స్వరాష్ట్రాభిమానమే సర్వరోగనివారిణి యనువారికి నెబ్రాస్కా చరిత్రయే మరొక పాఠము చెప్పును. వుడ్ రివర్ అను ఊర పెరిగిన స్కాట్ ఫ్రాస్ట్ మొదట కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డుకు పోయి, 1995లో స్వరాష్ట్రమునకు మరలి, 1997 విజయమున జట్టును నడపెను. అదే బిడ్డ శిక్షకుడై 2018 నుండి 2022 వరకు 16 గెలిచి 31 ఓడి, ఉద్యోగము కోల్పోయెను. పుట్టిన ఊరు ఆటగానికి పట్టుదల నీయవచ్చును. ఎదుటి జట్టు ఆ ఊరిని చూచి లొంగదు.

కడచిన కొలది యేండ్లలో పరిస్థితులు తారుమారైనవి. 2021 నుండి ఆటగాడు తన పేరును, రూపమును ప్రకటనల కిచ్చి ధనము గడింపవచ్చును. అదే యేడు, ఒక యేడాది ఖాళీగా కూర్చుండనక్కరలేకయే ఒకమారు కళాశాల మారు హక్కు వచ్చినది. 2024లో ఆ ‘ఒకమారు’ అన్న హద్దును తొలగినది. నేడు పెంచి పెద్దచేసిన మొక్కను రేపు ఇతరులు పెకలించుకొని పోవచ్చును. కావున తయారైన చెట్టునే కొనుట సుఖమని పెక్కురు శిక్షకులు తలచుచున్నారు.

2025 జూన్ 6న కాలిఫోర్నియాలో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒడంబడిక ననుసరించి, పూర్వపు ఆటగాండ్రకు దాదాపు 280 కోట్ల డాలర్ల పరిహారము లభింపవలెను. ఒక్కొక్క విశ్వవిద్యాలయము తన క్రీడాకారులకు మొదటి యేట 2 కోట్ల 5 లక్షల డాలర్ల వరకు నేరుగా పంచవచ్చును. ఆటగాండ్ర చెమటతో కోట్లు గడించిన సంస్థలు వారికి భాగ మిచ్చుట న్యాయమే, ఆలస్యమైన న్యాయము. కాని ఆ కాగితములలోనే మరొక పంక్తి కలదు. ఇకమీదట వేతనములకు పరిమితి లేదు. ఒడంబడికలో చేరిన విశ్వవిద్యాలయముల ఫుట్‌బాలు జట్లలో ఆటగాండ్ర సంఖ్యయే 105కు మించరాదు. 1973లో వేతనములకు హద్దుగా నిలిచి ఊరి పిల్లలకు తలుపు తెరచిన అంకెయే ఇప్పుడు మనుష్యులకు హద్దై నిలిచినది. నూటయేబదికి పైబడిన జట్టును పోషించిన నెబ్రాస్కా వంటి చోట ఈ భేద మెంతటిదో చెప్పనక్కరలేదు. ఇప్పటికిప్పుడు ఆడగలవారికే చోటు చాలనప్పుడు, నాలుగేండ్లకు గాని పక్వము కాని రైతుబిడ్డకు ఆ చోటు ఎవరిత్తురు?

ఈ సంగతి న్యాయమూర్తి గమనింపకపోలేదు. పరిమితి పేర తొలగింపబడిన పిల్లలకు దారి చూపనిదే ఆమోదింపనని ఏప్రిలులోనే ఆమె పట్టుబట్టిరి. అందుపై అట్టివారిని లెక్కలో చేర్చక మరల తీసికొను స్వేచ్ఛను విశ్వవిద్యాలయములకు ఇచ్చిరి. అయితే ఆ మినహాయింపు అప్పటికే జట్టులో నున్నవారికిని, చేర్చుకొందుమని మాట పొందినవారికిని మాత్రమే. బర్ర్ వంటి పల్లెలలో ఎనిమిదిమందితో ఆడుచు ఇంకను బడిలో నున్న పిల్లవానికి అది వర్తింపదు.