మొరాయించిన బోల్టు

ఆదివారం పొద్దున్నే బైకుకి సెంటర్ స్టాండ్ వేసి, కింద పాత పేపర్లు పరిచి, పాత బేసిన్ పెట్టుకుని కూర్చున్నాడతను. పాత ఆయిలు దించి కొత్తది పోస్తే మెకానిక్ కూలి మిగులుతుందని ఆశ. అరగంట గడిచింది. ఇంజను అడుగునున్న డ్రెయిన్ బోల్టు వెంట్రుకవాసి కూడా కదల్లేదు. పట్టు చాలడం లేదని పానా చివర ఇనప గొట్టం తొడిగాడు. కాలితో తన్నబోతుండగా... పక్కింటి పెద్దాయన గోడ మీంచి తొంగిచూశారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి.

‘‘ఏమయ్యా, విప్పుతున్నావా... బిగిస్తున్నావా?’’

బిగిస్తున్నాడు! చాలామంది బోల్తాపడేది ఇక్కడే. ఈ బోల్టు తల నేలవైపు చూస్తుంటుంది. కింద నుంచి చూస్తూ గడియారం ముల్లుకి వ్యతిరేకంగా తిప్పితేనే ఊడుతుంది. పైనుంచి వంగి చూసేవాళ్లకి అంతా తిరగబడి కనిపిస్తుంది. అనుమానం వస్తే మొహమాటపడకుండా నేలమీద పడుకుని చూడటమే మేలు.

దిక్కు తప్పితే పోయేది శ్రమ ఒక్కటే అయితే ఫర్వాలేదు. బోల్టు ఉక్కుది, దాన్ని పట్టుకున్న ఇంజను కేసు అల్యూమినియంది. గొట్టం తొడిగి తంతే ముందు లొంగేది మెత్తటి లోహమే. లోపలి మరలు ఊడొస్తే లేత్ షాపుకి వెళ్లి కొత్త మరలు కొట్టించాలి. అదీ కుదరకపోతే ఇంజను విప్పి కేసే మార్చాలి. ఓ లీటరు ఆయిలు కోసం మొదలెట్టిన పని తడిసి మోపెడవుతుంది.

పెద్దాయన గేటు తీసుకుని వచ్చి, ముందు బండి స్టార్ట్ చేయమన్నారు. నాలుగైదు నిమిషాల తర్వాత ఆపించారు. వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. అంటే బోల్టు కంటే దాన్ని బిగబట్టిన రంధ్రమే ఎక్కువ వదులవుతుందన్నమాట. ఆయిలు కూడా పల్చబడి త్వరగా దిగుతుంది. సైలెన్సర్‌కి చెయ్యి తగలకుండా చూసుకోవాలి. వేడి చాల్లేదని బ్లోల్యాంపు పెట్టే మహానుభావులూ ఉన్నారు. పైన పెట్రోలు ట్యాంకుందన్న సంగతి వాళ్లకి గుర్తుండదు కాబోలు!

తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేయమంటారు కొందరు. తప్పులేదు కానీ, వాషర్ అడ్డుంటుంది కాబట్టి మందు మరల దాకా వెళ్లేది తక్కువే.

అతని చేతిలోని స్క్రూ స్పానర్‌ని పెద్దాయన పక్కన పడేశారు. అది జారితే తల మూలలు అరిగి, బోల్టు గుండ్రంగా తయారవుతుంది. అలా అయ్యాక ఇంట్లో కుస్తీ పట్టకుండా షాపుకి తీసుకెళ్లడమే నయం. ఆయన 17 నంబరు రింగు పానా తెచ్చి బోల్టు తలకి పూర్తిగా ఎక్కించి, పిడి మీద సుత్తితో రెండు చిన్న దెబ్బలు వేశారు. మూడో దెబ్బకి ‘టక్’మంది.

బేసిన్‌లోకి నల్లటి ఆయిలు దిగాక బోల్టు తుడిచి చూస్తే... వాషర్ కాగితంలా నలిగిపోయి ఉంది. కిందటిసారి ఎవరో కొత్తది వేయకుండా, కారకూడదని బలంకొద్దీ బిగించారన్నమాట. ఈసారి కొత్త వాషర్ వేసి, ముందు వేళ్లతోనే మరలు ఎక్కించి, ఆఖర్న పానాతో ఓ పట్టు పట్టి వదిలేశారు. పాత ఆయిలు కాలవలో పోయకుండా డబ్బాలోకి వంచి, మెకానిక్ షాపులో ఇవ్వమన్నారు.

వెళ్తూ వెళ్తూ ఆ ఇనప గొట్టాన్ని మాత్రం తనతో పట్టుకుపోయారు.