పదో మనిషి కావాలి

పెద్దవాళ్ళ జీవితాన్ని 'ఎన్‌రిచ్' చేయడం అనే మాట వినగానే నాకు ఒళ్ళు మండుతుంది. మాటలో తప్పేం లేదు, దాని వెనక ఉన్న ఊహతోనే నా పేచీ. 80 ఏళ్ళు దాటిన మనిషికి రోజంటే ఒక ఖాళీ డబ్బా అనీ, ఎవరో వచ్చి అందులో ఏదో ఒకటి పోయాలనీ ఆ ఊహ. పొద్దున 10 గంటలకి కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామం. 11కి బింగో. రెండింటికి రంగు కాగితాలు కత్తిరించి అతికించడం. మూడింటికి పియానో వాయించడానికి వచ్చే అతిథి. ఐదు కాకుండానే రాత్రి భోజనం. ఇదంతా ఒక రంగుల క్యాలెండర్‌గా అచ్చేసి లిఫ్ట్ పక్కన అంటిస్తారు. చూసిపోవడానికి వచ్చిన కొడుకులూ కూతుళ్ళూ దాని ముందు ఒక నిమిషం నిలబడి, "అబ్బ, ఎన్ని యాక్టివిటీలో!" అని ఊపిరి పీల్చుకుని వెళ్ళిపోతారు. ఆ క్యాలెండర్ నిజానికి వాళ్ళకోసమే.

మూడేళ్ళుగా అమెరికాలో ఒక యూదు వృద్ధుల నివాసానికి వారానికో మధ్యాహ్నం వలంటీరుగా వెళ్తున్నాను. ఊరి పేరూ సంస్థ పేరూ ఇక్కడ అనవసరం. నేను యూదుని కాను, హీబ్రూ రాదు. వీల్‌చెయిర్లు తోస్తాను, పేపర్ చదివి వినిపిస్తాను, ఎక్కువసేపు వాళ్ళు చెప్పేది వింటాను. అక్కడ చూసినదాన్ని బట్టి చెప్తున్నాను: ముసలితనంలో రోజుకి ప్రాణం పోసేది వినోదం కాదు, మన అవసరం ఇంకొకరికి ఉండటం. బాధ ఎక్కడంటే, అందుకు కావలసిన సరంజామా అంతా యూదు సంప్రదాయంలో ఎప్పట్నుంచో సిద్ధంగా ఉంది. దాన్ని తెచ్చి క్యాలెండర్‌లో ఒక గడిలో కుక్కుతున్నారు.

ముందు మిన్యాన్ సంగతి చూడండి. యూదుల సామూహిక ప్రార్థనలో కొన్ని భాగాలు చెప్పాలంటే కనీసం పదిమంది పెద్దవాళ్ళు హాజరుండాలి. ఆ పదిమందినే మిన్యాన్ అంటారు. ఆర్థడాక్స్ పద్ధతిలో పదిమందీ మగవాళ్ళే. కన్సర్వేటివ్, రిఫార్మ్ శాఖల్లో ఆడవాళ్ళూ లెక్కలోకి వస్తారు. పోయినవాళ్ళ పేరు మీద చెప్పే కద్దిష్‌కి కూడా మిన్యాన్ కావాలి. తల్లో తండ్రో పోతే ఆచారం ప్రకారం 11 నెలలపాటు కద్దిష్ చెప్తారు. ఇందులో ఉన్న గొప్ప లెక్క ఏమిటంటే, తొమ్మిదిమంది మహాపండితులున్నా పని జరగదు. ఆ పదో మనిషికి చదువు లేకపోయినా, అడుగు తీసి అడుగు వేయలేకపోయినా, వచ్చి కూర్చుంటే చాలు, జరుగుతుంది.

అంటే మూడో అంతస్తులో 91 ఏళ్ళాయన మంచం దిగితేనే రెండో అంతస్తులో ఇంకొకావిడ తన చెల్లెలి కోసం కద్దిష్ చెప్పుకోగలదు. పొద్దున్నుంచీ నడుం నొప్పని మూలుగుతున్న పెద్దాయన, తలుపు దగ్గర ఎవరో "తొమ్మిదిమందిమే ఉన్నాం, మీరు రావాలి" అనగానే చొక్కా గుండీలు పెట్టుకోవడం నేను చూశాను. అదే ఆయన్ని అంతకుముందు వారం బింగోకి పిలిస్తే, "నేను రాకపోతే బింగో ఆగిపోతుందా?" అని అడిగారు. ఆగదు. అక్కడే ఉంది తేడా అంతా.

మరి క్యాలెండర్‌లో దీన్నేమంటారో తెలుసా? 'ఆధ్యాత్మిక కార్యక్రమం.' వ్యాయామానికీ కాఫీకీ మధ్యలో ఒక గడి. కోవిడ్ రోజుల్లో ప్రార్థనని గదుల్లోని టీవీలకి ప్రసారం చేయడం మొదలుపెట్టారు. అప్పుడది తప్పనిసరి. తర్వాత కూడా సౌకర్యంగా ఉందని కొనసాగించారు. తోయడానికి వీల్‌చెయిర్లు తగ్గాయి, లిఫ్ట్ దగ్గర రద్దీ తగ్గింది, హాల్లో మనుషులూ తగ్గారు. తెర ముందు కూర్చున్న మనిషి ఎంత భక్తిగా చూసినా, అవతల హాల్లో ఉన్నవాళ్ళు పదిమంది ఎప్పుడూ కారు. ఒక మనిషిని లెక్కలోంచి ప్రేక్షకుల్లోకి మార్చి, దానికి 'యాక్సెస్' అని పేరు పెట్టాం.

ఈ క్యాలెండర్ ఎక్కడిదో కూడా తెలుసుకోవాలి. 1987లో అమెరికాలో నర్సింగ్ హోమ్‌ల సంస్కరణ చట్టం వచ్చింది. మనుషుల్ని సిబ్బంది సౌకర్యం కోసం మంచాలకీ కుర్చీలకీ కట్టేయడం మీద ఆంక్షలు పెట్టింది, ఒక్కొక్కరి ఆసక్తికి తగ్గ కార్యక్రమాలు ఉండి తీరాలంది. మంచి చట్టం. దాని చుట్టూ పెరిగిన కాగితాల సంగతే వేరు. 2010 నుంచి వాడుకలో ఉన్న అంచనా పత్రంలో నర్సింగ్ హోమ్‌లో ఉండేవాళ్ళని అడగాల్సిన ప్రశ్నలున్నాయి: మీకు చదువుకోడానికి పుస్తకాలుండటం ఎంత ముఖ్యం? ఇష్టమైన పాటలు వినడం? జంతువుల దగ్గర గడపడం? వార్తలు తెలుసుకోవడం? ఆరుబయటికి వెళ్ళడం? మతపరమైన కార్యక్రమాల్లో పాల్గొనడం? అన్నీ మర్యాదైన ప్రశ్నలే. కానీ "మీరు ఎవరికి ఏం చేసిపెట్టాలనుకుంటున్నారు?" అన్న ప్రశ్న అందులో లేదు. హోటల్లో దిగిన అతిథిని అడిగినట్టు అడుగుతాం, బతికినన్నాళ్ళూ అతిథిగానే ఉంచుతాం.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక చిన్న ఊళ్ళో, 1991లో, బిల్ థామస్ అనే డాక్టరు తను పనిచేసే నర్సింగ్ హోమ్‌లో మూడు తెగుళ్ళున్నాయన్నాడు: ఒంటరితనం, విసుగు, నిస్సహాయత. రెండు కుక్కల్నీ నాలుగు పిల్లుల్నీ వంద చిలకల్నీ తెచ్చి ఆ ఇంట్లో వదిలాడు. ఈ కథ చాలామందికి తెలుసు. చిలకలు అందరికీ గుర్తున్నాయి, మూడో తెగులే గుర్తులేదు. నిస్సహాయతకి అతను చెప్పిన మందు, మనిషికి సంరక్షణ అందించడం ఒక్కటే కాదు, తను ఇంకొకరిని సంరక్షించే అవకాశం ఇవ్వడం. చిలకలు అలంకారం కాదు, వాటికి ఎవరో గింజలు వేయాలి. మన కార్యక్రమాల డైరెక్టర్లు మాత్రం చిలకని తెచ్చి, గింజలు కూడా తామే వేసి, ముసలాయన్ని చూడమంటారు.

యూదు వృద్ధుల గురించి ఇంతకంటే మంచి పాఠం కావాలంటే బార్బరా మైయర్‌హాఫ్ పుస్తకం 'నంబర్ అవర్ డేస్' చదవండి. మెక్సికోలో ఊయిచోల్ తెగ మీద పనిచేసిన మానవశాస్త్రవేత్త ఆవిడ. 1970ల్లో లాస్ ఏంజెలిస్‌లోని వెనిస్ బీచ్ పక్కన ఒక యూదు వృద్ధుల కేంద్రానికి వెళ్ళింది. అది నివాసం కాదు, చుట్టుపక్కల ఇరుకు గదుల్లో ఒంటరిగా బతికేవాళ్ళు పగలు వచ్చి కూర్చునే చోటు. చాలామంది తూర్పు యూరప్ నుంచి వచ్చినవాళ్ళు, 80లూ 90ల్లో ఉన్నవాళ్ళు, డబ్బు లేనివాళ్ళు. వాళ్ళేం చేసేవారనుకున్నారు? పోట్లాడుకునేవారు. రాజకీయాల మీద, మతం మీద, ఎవరు ఎవరిని గౌరవించలేదన్నదాని మీద. ఈ పోట్లాటని ఆవిడ జబ్బులా చూడలేదు. మేమింకా ఉన్నాం, మా మాటకి విలువుంది అని ఒకరికొకరు రుజువు చేసుకునే పద్ధతిగా చూసింది. అదే పేరుతో వచ్చిన సినిమాకి ఆస్కార్ కూడా వచ్చింది.

తర్వాత కొన్నేళ్ళకి ఆ బీచ్ దారిలో ఒక ముసలావిడని సైకిల్ మీద వచ్చినతను గుద్దేశాడు. ఆవిడ చనిపోయింది. తనకి ఆవిడ కనపడలేదన్నాడట అతను. అప్పుడా కేంద్రంలోని వృద్ధులు ఒక ఉత్తుత్తి శవపేటిక మోసుకుంటూ, అట్టలు పట్టుకుని, అదే దారిలో ఊరేగింపు తీశారు. మైయర్‌హాఫ్ దీని గురించి కూడా రాసింది. ఈ ఊరేగింపు ఏ క్యాలెండర్‌లో ఉండేది? ఏ రంగు గడిలో?

నేను వెళ్ళే చోట శుక్రవారం సాయంత్రం కొవ్వొత్తుల సంగతి చెప్పాలి. షబ్బాత్ మొదలయ్యే ముందు దీపం పెట్టడం యూదు ఇళ్ళలో ముఖ్యంగా ఆడవాళ్ళు చేసే పని. వృద్ధుల నివాసాల్లో ఆక్సిజన్ సిలిండర్లుంటాయి, వణికే చేతులుంటాయి, గదుల్లో నిప్పు కుదరదు. కాబట్టి కొవ్వొత్తి ఆకారంలో చిన్న బల్బులు. దాని మీద నాకేం ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదల్లా, ఆ బల్బు స్విచ్ కూడా సిబ్బందే నొక్కేస్తారు. నలభై గదులు, ఒక్క మనిషి, పదిహేను నిమిషాలు. 70 ఏళ్ళపాటు ప్రతి శుక్రవారం దీపం పెట్టిన చెయ్యి ఒళ్ళో పడి ఉంటుంది, ఇంకెవరి వేలో టక్కుమనిపించి పోతుంది. మనకి దీపారాధన అంటే ఏమిటో తెలుసు కదా? మా అమ్మమ్మ కుంది తుడిచి, ఒత్తి వేసి, నూనె పోసి, చివర్న అగ్గిపుల్ల గీసేటప్పుడు ఎవరైనా లాక్కుని గీస్తే ఊరుకునేదా?

ఇంకో మాట. ఎన్‌రిచ్ చేయడమంటే ఎప్పుడూ ఏదో ఒకటి కలపడమే కాదు. ఈ నివాసాల్లో నాజీల మారణహోమం నుంచి బయటపడ్డవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. 1945లో పుట్టిన పసిబిడ్డకే ఇప్పుడు 80. మతిమరుపు ముదిరినకొద్దీ నిన్నటి సంగతి చెరిగిపోయి చిన్నప్పటి సంగతి పైకి తేలుతుంది. అప్పుడు స్నానాల గదిలో షవరు, భోజనానికి వరుసలో నిలబడమనడం, యూనిఫాం వేసుకున్న మనిషి, మొరిగే కుక్క, వీటిలో ఏదైనా ఒంట్లోకి వణుకు తేవచ్చు. టొరంటోలో 1918లో మొదలైన బేక్రెస్ట్ లాంటి సంస్థలు దీని మీద చాలా ఏళ్ళుగా పనిచేశాయి, సిబ్బందికి నేర్పాయి. అలాంటి అంతస్తుకి 'థెరపీ డాగ్' అని ఒక కుక్కని ముందూ వెనకా అడక్కుండా పట్టుకొచ్చిన రోజు నేనున్నాను. అందరికీ కుక్కలంటే ఇష్టమని ఎక్కడో ఎవరో రాశారట. ఒకావిడ గోడ వైపు తిరిగి కూర్చుంది, సాయంత్రం దాకా ఇటు తిరగలేదు. ఆవిడ రోజుని సంపన్నం చేయడమంటే ఆ కుక్కని గేటు దగ్గరే ఆపడం.

మతి తప్పినవాళ్ళకి ఇంకేం పని ఉంటుంది అనేవాళ్ళకి తాల్ముద్‌లోనే జవాబుంది. మోషే పగలగొట్టిన పలకల ముక్కల్ని పారేయలేదు, కొత్త పలకలతోపాటు అదే మందసంలో పెట్టి మోశారు, కాబట్టి వయసువల్ల నేర్చుకున్నది మర్చిపోయిన పండితుణ్ణి కూడా గౌరవించాలని అక్కడ చెప్తారు. మోయడం అన్నారు, అటక మీద పెట్టడం అనలేదు.

నాకు ఎదురు వాదన తెలుసు. సిబ్బంది లేరు. నిజమే. చేయించడం కన్నా చేసేయడం తేలిక. అదీ నిజమే. 93 ఏళ్ళ మనిషికి ఎవరికీ అక్కరకు రాకుండా కిటికీ పక్కన కూర్చునే హక్కు లేదా? ఉంది, తప్పకుండా ఉంది. కానీ హక్కనేది కాదనగలిగినప్పుడే హక్కు. "ఇవాళ నేను రాలేను, వేరేవాళ్ళని చూసుకోండి" అనాలంటే ముందు మిమ్మల్ని ఎవరో అడగాలి. అసలు అడగని చోట విశ్రాంతి అనే మాట అబద్ధం.

సిబ్బంది విషయానికొస్తే, నేను చూసిన చోట ఈ పని నిజంగా చేస్తున్నది జమైకా నుంచీ హైతీ నుంచీ ఫిలిప్పీన్స్ నుంచీ వచ్చిన కేర్‌గివర్లు. ఎవరు ఏ యిద్దిష్ పాటకి కళ్ళు తెరుస్తారో, ఎవరికి పిండి పిసకడం ఇష్టమో వాళ్ళకే తెలుసు. షబ్బాత్ రొట్టె హల్లాని జడలా అల్లడం ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్న కేర్‌గివర్ ఒకామె ఉంది. ఆ అరగంటలో ఎవరు ఎవరికి సేవ చేశారు? కొత్త పియానోకీ లాబీలో అక్వేరియానికీ విరాళమిచ్చి ఇత్తడి పలక మీద పేరు చెక్కించుకునే దాతలు ఆ అరగంటని కొనగలరు. ఒక్కో అంతస్తుకి ఇంకో కేర్‌గివర్‌ని పెడితే చాలు. దాని మీద పేరు చెక్కడానికి చోటుండదు, అంతే.

ఇదంతా తెలుగులో ఎందుకంటారా? ఇక్కడ మనవాళ్ళు కూడా ఇప్పుడు అమ్మానాన్నల గురించీ తమ గురించీ ఇలాంటి నివాసాలు కట్టే మాటలు మాట్లాడుతున్నారు. యూదులు ఎలా చేశారో చూసి రమ్మని నన్ను అడిగినవాళ్ళున్నారు. వాళ్ళ జాబితా ఇది: శాకాహార వంటగది, పూజగది, యోగా, తెలుగు చానళ్ళు, శనివారం భజన. కోషర్ స్థానంలో పప్పు, హల్లా స్థానంలో పులిహోర. అంటే క్యాలెండర్ మాత్రం దిగుమతి చేసుకుంటున్నాం, మిన్యాన్‌ని వదిలేసి. పూజగది కడితే సరిపోదు, అందులో దీపం ఎవరు పెడతారు? బోస్టన్ దగ్గర డెడమ్‌లో వృద్ధుల నివాసమూ పిల్లల యూదు బడీ ఒకే ఆవరణలో కట్టారు. పండక్కి వచ్చి పాట పాడి వెళ్ళిపోయే పిల్లలు వేరు, పక్కింటి బడిలో చదివే పిల్లలు వేరు. మన పిల్లలకి తెలుగు నేర్పే ఆదివారం బడులు అద్దె హాళ్ళలో నడుస్తున్నాయి. అటు పక్క, జీవితమంతా పాఠాలు చెప్పిన మేష్టార్లు కొడుకుల ఇళ్ళలో టీవీ ముందు కూర్చున్నారు. ఈ రెండిటినీ ఒక చోటికి తేవడానికి యోగా మాస్టరు అక్కర్లేదు.

అమ్మకో నాన్నకో చోటు వెతుకుతూ ఈసారి ఏ నివాసానికైనా వెళ్తే, ఆ యూదు హోమ్ అయినా, మనవాళ్ళు కట్టబోయేదైనా, క్యాలెండర్ చూపించమని అడక్కండి. ఇక్కడ ఉండేవాళ్ళు రాకపోతే ఆగిపోయే పని ఒక్కటైనా ఉందా అని అడగండి. ఆ ప్రశ్నకి మేనేజరు ముఖంలోకి చూడండి. తర్వాత హాల్లో కూర్చున్న ఎవరినైనా పలకరించి అదే అడగండి.