పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ 11 వేస్తున్నారా?

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. దాంతో అన్నయ్య వాడి వదిలేసిన ల్యాప్‌టాప్‌లోనూ విండోస్ 11 వేసేద్దామని తొందర! కాస్త ఆగండి. దానికి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే సాధారణంగా 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. యూట్యూబ్ ట్రిక్కుతో ఈ చెకింగ్ దాటేయొచ్చు, నిజమే. కానీ అలాంటి సిస్టమ్‌కి అప్‌డేట్లు వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. ఇక 4 జీబీ ర్యామ్ చాలంటారు గానీ, బ్రౌజర్లో నాలుగు ట్యాబ్‌లు తెరిచి చూడండి, తెలుస్తుంది సంగతి! నచ్చకపోతే వెనక్కెళ్లే ఆప్షన్ మామూలుగా 10 రోజులే. క్లీన్ ఇన్‌స్టాల్ చేశారా, అదీ ఉండదు. ఫైనలియర్ ప్రాజెక్ట్ అందులోనే ఉంటే ముందు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత ‘పీసీ హెల్త్ చెక్’ యాప్‌లో చూడండి. కుదరదంటే విండోస్ 10లోనే ఈఎస్‌యూలో చేరొచ్చు. సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా వస్తాయి.