సంపాదకుని మాట: యానాం రిజిస్టర్లలో మన ఇంటిపేర్లు

సిల్తారా స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీల్లో పనిచేసే మన తెలుగువాళ్ళలో తాతముత్తాతలది యానాం అనేవారుంటే, ఈ సంచిక ముందుగా వారికోసం.

యానాం 1954 దాకా ఫ్రెంచివారి ఏలుబడిలో ఉంది. అక్కడ బిడ్డ పుడితే తల్లిదండ్రుల పేర్లు, తండ్రి వయసు, వృత్తి, సాక్షుల సంతకాలు రిజిస్టరుకెక్కేవి. ఫ్రాన్స్‌లోని ఎక్స్ నగరపు అభిలేఖాగారం ఆ పాత పుటలెన్నో ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది. ఇంత సంపద మనవాళ్ళ కంటపడకపోవడం నాకు బాధగా ఉంది.

చిక్కంతా ఇంటిపేరు దగ్గరే. 1881 ఫ్రెంచి డిక్రీ ప్రకారం సంప్రదాయ ధర్మశాస్త్రాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టం కిందికి వచ్చినవారు ఒక ఇంటిపేరు ఎంచుకోవాల్సి వచ్చేది. పుదుచ్చేరి వకీలు పొన్నుతంబి పిళ్ళై అలాగే 'లాపోర్త్' అయ్యారు. అలాంటి ఇళ్ళలో మన పాత ఇంటిపేరు ఒక తరంతోనే కాగితం మీద ఆగిపోవచ్చు.

వలస వెళ్ళినవారి విషయంలోనూ ఇంటిపేరుతో చిక్కే. 1828లో యానాం నుంచి కూలీలు రీయూనియన్ దీవికి వెళ్ళారు. ఆ దీవికి చేరిన భారతీయ కూలీల సొంత పేర్లే చాలాచోట్ల పిల్లలకు ఇంటిపేర్లయ్యాయి. కనుక ఇంటిపేరొక్కటే పట్టుకుని వెతక్కండి. తండ్రి పేరు, ఊరు, వృత్తి కలిపి చూడండి. 'సుబ్బయ్య' కోసమైతే ఎస్ తర్వాత ఓ, యు పెట్టి చూడండి. ఫ్రెంచి గుమాస్తా ఉకారాన్ని అలాగే రాసేవాడు.

మీ ఇంట్లో పాత ఫ్రెంచి కాగితం ఉంటే నకలు పంపండి, చదివించి పెడతాం.