రవ్వ కనిపిస్తే చాలా?



కిక్కు కొట్టీ కొట్టీ కాలు నొప్పి పుట్టినా మోటారు సైకిలు ఇంజను పలకకపోతే, మెకానిక్కు మొదట చేసే పని ఏమిటో మీలో చాలామంది చూసే ఉంటారు. అతడు స్పార్క్ ప్లగ్గును విప్పి, తీగను మళ్ళీ దానికే తగిలిస్తాడు. ప్లగ్గు ఒంటిని ఇంజను లోహానికి ఆనించి ఇంకొక కిక్కు కొడతాడు. ప్లగ్గు కొనల మధ్య చిటుక్కుమని ఒక రవ్వ ఎగురుతుంది. “కరెంటు బాగానే ఉంది, లోపం పెట్రోలు వైపే” అని తేల్చేసి, కార్బురేటరు విప్పడానికి కూర్చుంటాడు.

ఈ తీర్పు సరైనదేనా? బ్యాటరీ లేకుండా మాగ్నెటోతో నడిచే పాత మోటారు సైకిళ్ళ విషయంలో ఇది తొందరపాటు తీర్పు అని నా అభిప్రాయం. రవ్వ కనిపించడం వేరు, తగినంత వోల్టేజి పుట్టడం వేరు. ఈ తేడా మెకానిక్కులకే కాదు, ప్రయోగశాలలో అడుగుపెట్టే ప్రతి విద్యార్థికీ తెలిసి ఉండాలి.

మాగ్నెటో అంటే ఏమిటో ముందు చూద్దాం. 1831లో మైకేల్ ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత అభివాహం మారితే ఆ చుట్టలో వోల్టేజి పుడుతుంది. మార్పు ఎంత వేగంగా జరిగితే వోల్టేజి అంత ఎక్కువ. జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో రాబర్ట్ బాష్ కర్మాగారంలో పనిచేసిన గాట్లాబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు ఈ సూత్రంతోనే అధిక వోల్టేజి మాగ్నెటోను రూపొందించాడు. అది 1902 నుంచి వాహనాలకు అమరింది. తరువాత బర్మింగ్‌హామ్‌లోని లూకాస్ కంపెనీ మాగ్నెటోను, దీపాలకు కావలసిన డైనమోను జతచేసి “మాగ్‌డైనో” అనే పరికరాన్ని తయారుచేసింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం విరివిగా వాడిన బి.ఎస్.ఏ. ఎం-20 మోటారు సైకిలులో ఉన్నది ఇదే. మన దేశంలో 1972లో వచ్చిన లూనా మోపెడ్‌లోని ఫ్లైవీలు మాగ్నెటోది కూడా ఇదే వంశం. అందులో చుట్ట కదలకుండా ఉంటుంది, అయస్కాంతం తిరుగుతుంది. మాగ్‌డైనోలో అయస్కాంతం కదలదు, చుట్ట తిరుగుతుంది. అంతే తేడా.

ఆ తిరిగే భాగంలో నిజానికి రెండు చుట్టలుంటాయి. లావు తీగతో కొద్ది చుట్లు వేసినది ప్రాథమిక తీగచుట్ట. వెంట్రుకవంటి సన్నని తీగతో వేలకొద్దీ చుట్లు వేసినది గౌణ తీగచుట్ట. ప్రాథమిక చుట్టలో విద్యుత్తు బాగా పారుతున్న సమయానికి కాంటాక్టు పాయింట్లు సుమారు 0.3 మిల్లీమీటరు విడిపోతాయి. ప్రవాహం హఠాత్తుగా ఆగి, అభివాహం కూలిపోతుంది. ప్రాథమిక చుట్టలో 200 చుట్లు, గౌణ చుట్టలో 10,000 చుట్లు ఉన్నాయనుకోండి. నిష్పత్తి 50. ప్రాథమిక చుట్టలో క్షణకాలం 250 వోల్టులు పుడితే, గౌణ చుట్టలో 12,500 వోల్టుల దాకా పుట్టగలదు. పాయింట్ల దగ్గర రవ్వ రాకుండా, ప్రవాహం తటాలున ఆగిపోయేలా చూసేది కండెన్సరు. ఇది పాడైతే అభివాహం నిదానంగా తగ్గుతుంది, వోల్టేజి పడిపోతుంది.

ఇప్పుడు మెకానిక్కు చేసిన పరీక్షకు వద్దాం. ప్లగ్గు కొనల మధ్య ఖాళీ సుమారు 0.5 మిల్లీమీటరు. బయటి గాలిలో అంత ఖాళీని దాటడానికి రెండున్నర, మూడు వేల వోల్టులు చాలు. కాని ప్లగ్గు పని చేయవలసినది బయట కాదు గదా! సిలిండరులో పిస్టన్ పైకి వచ్చి గాలిని, పెట్రోలు ఆవిరిని నొక్కిపెడుతుంది. రవ్వ పడే సమయానికి ఆ వాయువు ఘనపరిమాణం నాలుగోవంతుకు తగ్గిందనుకోండి. అదే ఖాళీలో ఇప్పుడు నాలుగు రెట్లు అణువులు ఉంటాయి. వాయువు సాంద్రత, ఖాళీ పొడవు, ఈ రెండింటి లబ్ధాన్ని బట్టి రవ్వకు కావలసిన వోల్టేజి ఉంటుందని 1889లో ఫ్రెడరిక్ పాషెన్ చూపించాడు. కనుక లోపలి 0.5 మిల్లీమీటరు బయటి 2 మిల్లీమీటర్లతో సమానం. దానికి సుమారు ఏడెనిమిది వేల వోల్టులు కావాలి. ప్లగ్గు కొనల పదును, వేడి వల్ల ఇది కొంత తగ్గవచ్చు. అయినా మూడు వేలకు, ఏడు వేలకు ఎంత దూరం! నాలుగు వేల వోల్టులు మాత్రమే ఇవ్వగల మాగ్నెటో బయట చక్కగా రవ్వ చూపిస్తుంది, లోపల మూగబోతుంది. బడి మెట్లు ఎక్కగలిగినవాడు తిరుమల కొండ ఎక్కగలడని పూచీ ఇవ్వగలమా?

రెండవ సంగతి వేగం. కిక్కు కొట్టినపుడు ఇంజను నిమిషానికి రెండు మూడు వందల చుట్ల వేగానికి మించి తిరగదు. ఎం-20 వంటి నాలుగు స్ట్రోకుల ఇంజనులో మాగ్నెటో వేగం అందులో సగమే. బ్యాటరీ ఉన్న వాహనంలో ఇంజను నిదానంగా తిరిగినా చుట్టకు నిండుగా విద్యుత్తు అందుతుంది. మాగ్నెటోకు ఆ ఆధారం లేదు. తన వేగమే తనకు పెట్టుబడి. అందుకే అది స్టార్టింగు సమయంలోనే అన్నిటికంటె బలహీనంగా ఉంటుంది. కొందరు మాగ్నెటోను విప్పి, డ్రిల్లింగ్ యంత్రంతో గిర్రున తిప్పి, రవ్వలు చూసి సంతోషిస్తారు. అది మంచి పరుగును పరీక్షించడమే గాని, మొదటి అడుగును పరీక్షించడం కాదు.

మూడవది వేడి. పాత మాగ్నెటోల్లో ఒక జబ్బు తరచుగా కనిపిస్తుంది. ఉదయం చల్లగా ఉన్నపుడు బండి ఒక్క కిక్కుకే స్టార్టు అవుతుంది. పది మైళ్ళు పోయి ఆపితే మళ్ళీ కదలదు. గంట సేపు చల్లారాక ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. ఏళ్ళు గడిచిన కండెన్సరులోని కాగితపు పొర గాని, చుట్టల మధ్య ఉన్న విద్యుద్బంధకం గాని వేడికి పట్టు విడుస్తుంది. చల్లగా ఉన్న మాగ్నెటోను బల్ల మీద పరీక్షించి “బాగుంది” అనడం, జ్వరం తగ్గిన వేళ రోగిని చూసి “ఏ జబ్బూ లేదు” అనడం వంటిది.

“మల్టీమీటరు ఉంది గదా మాస్టారూ, దానితో కొలిస్తే సరిపోదా?” అని మీరు అడగవచ్చు. గౌణ చుట్ట నిరోధాన్ని కొలిస్తే తీగ తెగిందో లేదో తెలుస్తుంది. అది ఉపయోగమే. కాని 10,000 చుట్లలో ఒక్క చుట్టు పక్క చుట్టుకు తగులుకుందనుకోండి. నిరోధం మారేది పదివేలలో ఒక వంతు. మీటరు దాన్ని చూపదు. అయినా ఆ ఒక్క మూసుకుపోయిన చుట్టు రవ్వకు పోవలసిన శక్తిని దొంగిలిస్తూనే ఉంటుంది. పైగా మీటరు నిరోధం కొలిచేది తన చిన్న బ్యాటరీతో. వేల వోల్టులు పడినపుడు మాత్రమే చిట్లే బంధకం ఆ చిన్న బ్యాటరీకి చెక్కుచెదరదు. ఇక అదే మీటరును రవ్వ తీగకు నేరుగా తగిలించి వోల్టులు చదవబోతే, మీటరు కాలిపోతుంది, కొలిచేవారికీ ప్రమాదం. సాధారణ మీటర్ల పరిమితి వెయ్యి వోల్టుల దగ్గర ఆగిపోతుంది. పైగా మాగ్నెటో వోల్టేజి సెకనులో అతి స్వల్ప భాగం మాత్రమే నిలిచే ఒక్క ఉదుటు. వోల్టేజిని వెయ్యోవంతుకు తగ్గించే ప్రత్యేకమైన ప్రోబు, ఆసిలోస్కోపు ఉంటేనే దాని శిఖరాన్ని సరిగా చూడగలం.

మరి ఆ ఖరీదైన సామాను లేని వర్క్‌షాపు ఏం చేయాలి? ఇక్కడే నాకు ముచ్చట గొలిపే విషయం ఉంది. గాలే ఒక వోల్టు మీటరు! రెండు సూది మొనలను ఎదురెదురుగా బిగించి, మధ్య దూరాన్ని కొలిచి పెడతారు. దూరం తెలిస్తే, రవ్వ దాటడానికి కావలసిన వోల్టేజి సుమారుగా తెలుస్తుంది. సూదుల మధ్య ఐదారు మిల్లీమీటర్లయితే దాదాపు 8 వేల వోల్టులు. సెంటీమీటరుకు సుమారు 12 వేలు. సూదులకు బదులు పెద్ద నున్నని గోళాలు పెడితే అదే సెంటీమీటరుకు 30 వేలు కావాలి. మొన దగ్గర విద్యుత్ క్షేత్రం కేంద్రీకృతం కావడమే ఈ తేడాకు కారణం. ఊటీ వంటి ఎత్తైన చోట గాలి పలుచన కాబట్టి, విశాఖపట్నంలో కంటె తక్కువ వోల్టేజికే రవ్వ దూకుతుంది. అంటే దూరం ఒక్కటే చెబితే చాలదు, మొనల ఆకారం, గాలి సంగతి కూడా చెప్పాలి. ఇలా కొలిచిన ఖాళీతో, కిక్కు వేగంతో, మాగ్నెటో వేడెక్కిన తరువాత కూడా తప్పిపోకుండా రవ్వ దూకితే, అప్పుడు “బాగుంది” అన్న మాటకు విలువ ఉంటుంది.

“ముప్పై ఏళ్ళుగా ప్లగ్గు చూసే బండ్లు బాగుచేస్తున్నాం” అని అనుభవజ్ఞుడైన మెకానిక్కు అంటే, ఆయన అనుభవాన్ని నేను చిన్నచూపు చూడను. అసలు రవ్వే రాకపోతే లోపం విద్యుత్తు వైపు ఉందని ఆ పరీక్ష వెంటనే చెబుతుంది. అందులో దానికి సాటి లేదు. కాని అది “కాదు” అని చెప్పగల పరీక్షే గాని, “ఔను” అని చెప్పగల పరీక్ష కాదు. ఈ భేదం మరచిపోతే మంచి కార్బురేటరును పదిసార్లు విప్పుతాం. లేదా కండెన్సరు తప్పుకు మంచి చుట్టను పీకి కొత్త తీగ చుట్టిస్తాం. ఇప్పుడు దొరకని పాత సామాను అలా చెత్తబుట్ట పాలవుతుంది.

ఇంతకంటె ముఖ్యమైన హెచ్చరిక ఒకటి. రవ్వ తీగను చేత్తో పట్టుకుని “ఎంత కొడుతుందో” చూసి బలాన్ని అంచనా కట్టేవారున్నారు. అది ధైర్యం కాదు, కొలత అంతకంటె కాదు. ఆ దెబ్బకు చేయి విసురుగా వెనక్కి పోయి తిరిగే భాగాలకు తగలవచ్చు. గుండె జబ్బు ఉన్నవారికి, పేస్‌మేకరు అమర్చుకున్నవారికి ప్రాణం మీదికి రావచ్చు. ప్లగ్గు విప్పిన రంధ్రం నుంచి కిక్కు కొట్టినపుడల్లా పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది. దాని పక్కనే రవ్వ పుట్టిస్తే మంట లేస్తుంది. తీగను దేనికీ ఆనించకుండా గాలిలో వదిలి మాగ్నెటోను తిప్పకూడదు. బయటికి దారి దొరకని వోల్టేజి లోపలి బంధకాన్నే చీల్చుకుని పోతుంది. కాబట్టి ఈ పరీక్షలు మీరు చేయవద్దు. తెలిసినవారు చేస్తుంటే దూరంగా నిలబడి చూడండి.

మీరు చేయదగినది వేరే ఉంది. సైకిలు డైనమో ఒకటి తీసుకోండి. చక్రాన్ని నిదానంగా తిప్పి, తరువాత వేగంగా తిప్పి బల్బు వెలుగు గమనించండి. ఏసీ వోల్టులకు అమర్చిన మల్టీమీటరుతో బల్బు ఉన్నపుడు, తీసేసినపుడు వోల్టేజి కొలిచి పట్టిక రాయండి. ఒకే డైనమో ఎన్ని వేర్వేరు అంకెలు ఇస్తుందో చూడండి. వాటిలో అబద్ధపు అంకె ఒక్కటీ ఉండదు. ప్రతి అంకెకూ దాని పరిస్థితులు ఉంటాయి, అంతే.

మన బడుల్లో ఫారడే నియమాన్ని అప్పజెప్పించి మార్కులు వేస్తాం. “ఈ కొలత ఏ పరిస్థితులలో తీసుకున్నావు?” అని అడగడం మాత్రం అరుదు. ఇక మీద మీ రికార్డు పుస్తకంలో ప్రతి అంకె పక్కన ఆ పరిస్థితులు కూడా రాయండి. మాస్టారు అడగకపోయినా సరే, రాయండి.