నాణెం ఉండగా తూకం ఎందుకు?

యూపీఎస్‌సీ మెయిన్స్ సిలబస్‌లో ప్రపంచ చరిత్ర 18వ శతాబ్దం నుంచే మొదలవుతుంది. కాబట్టి వైకింగ్‌లు మనకు నేరుగా ప్రశ్నగా రారు. కానీ డబ్బు గురించి మనమంతా అలవాటుగా రాసే వరుస ఒకటుంది: వస్తుమార్పిడి, లోహం, నాణెం, కాగితం. ప్రతి మెట్టూ కిందిదానికంటే మెరుగన్నట్టు రాసేస్తాం. ఆ వరుస సరైంది కాదని నా అభిప్రాయం. వైకింగ్‌ల వెండే అందుకు సాక్ష్యం.

1840లో ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో, రిబుల్ నది ఒడ్డున క్యూర్‌డేల్ దగ్గర పనివాళ్లకు ఒక నిధి దొరికింది. 905-910 ప్రాంతంలో పాతిపెట్టింది. 8,600కు పైగా వస్తువులు, దాదాపు 40 కిలోల బరువు. లెక్కకు చూస్తే నాణేలే ఎక్కువ, 7,000 పైచిలుకు. తూకానికి చూస్తే మాత్రం వెండి కడ్డీలు, నరికిన కంకణాల ముక్కలదే పైచేయి. పైగా ఆ నాణేల్లో చాలావరకు ఇంగ్లండ్‌లో స్థిరపడిన వైకింగ్ పాలకులు ముద్రించినవే. అంటే నాణెం తెలియక కడ్డీలు వాడలేదు, రెండూ తెలిసే వాడారు.

రాజముద్ర ఆ రాజు మాట చెల్లేచోటే పనిచేస్తుంది. వ్యాపారి సంచిలో ఇంగ్లిష్ పెన్నీ, సమర్‌ఖండ్ దిర్హామ్, కంకణం ముక్క కలిసి ఉంటే వాటికి ఉమ్మడి కొలత బరువొక్కటే. అందుకే మడతపెట్టే చిన్న త్రాసు వెంట ఉండేది. వెండి మీద కత్తితో గాటు పెట్టి మెత్తదనం చూసేవారు, కల్తీ ఉంటే తెలిసిపోతుందని. మెకానికల్ చదివినవాడికి ఇది హార్డ్‌నెస్ టెస్ట్. మన కంసాలి గీటురాయికి దూరపు చుట్టం. (అలాగని దీన్ని ఆదర్శ మార్కెట్ అని పొగడకండి. ఆ దిర్హామ్‌లు ఉత్తరాదికి చేరింది బొచ్చుతోళ్లతో పాటు బానిసలను అమ్మినందుకు కూడా.)

ఖర్చూ ఉంది. ప్రతి బేరానికీ తూకం, ప్రతి ముక్కకూ అనుమానం. నాణేన్ని ఎంచి ఇస్తే చాలు. అయితే ఆ సౌకర్యం ఊరికే రాలేదు. 10వ శతాబ్దంలో ఇంగ్లండ్ రాజు ఏథెల్‌స్టన్ రాజ్యమంతటా ఒకే నాణెం చెల్లాలని శాసించాడు. దొంగనాణెం కొట్టినవాడి చెయ్యి నరికి టంకశాల మీద తగిలించాలన్నది కూడా ఆ శాసనంలోనే ఉంది. నాణేన్ని గెలిపించింది ఈ ప్రభుత్వ బలమే తప్ప ముద్ర వేసే నైపుణ్యం కాదు.

బాల్టిక్ సముద్రంలోని గాట్‌లాండ్ ద్వీపం చూడండి. అక్కడి స్పిల్లింగ్స్‌లో 1999లో దొరికిన 9వ శతాబ్దపు వెండి సుమారు 67 కిలోలు, అందులో నాణేలే 14,000కు పైగా. దాదాపు అన్నీ ఇస్లామిక్ రాజ్యాలవే. ద్వీపంలో కూర్చుని పాలించే రాజు లేడు. సొంత నాణెం 12వ శతాబ్దంలో గానీ రాలేదు. అన్నాళ్లూ వాళ్లు ధనవంతులుగానే ఉన్నారు.